డిజైన్ కోర్సా, హ్యుమానిటీసా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇంటర్ విద్యార్థులకు ఒక పోలిక

ఎంపీసీలో చేరాక ఇంజినీరింగ్ మీద మనసు లేదని రెండో ఏడాదిలో తెలుసుకునే పిల్లలు మా వైపు చాలామందే ఉన్నారు. హెచ్‌ఈసీనో సీఈసీనో ఇష్టపడి తీసుకుని, ఆ తర్వాత దారి చెప్పేవాళ్లు లేక దగ్గర్లోని బీఏతో సరిపెట్టుకునే పిల్లలూ ఉన్నారు. ఈ ఇద్దరూ ఈ మధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు: “సార్, డిజైన్ కోర్సులో చేరమంటారా, హ్యుమానిటీస్ తీసుకోమంటారా?” కావలిలో డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పేవాడిగా నాకు తెలిసినంతలో ఈ పోలిక రాస్తున్నాను. తల్లిదండ్రులు కూడా చదివితే మేలు. చాలా ఇళ్లలో ఈ రెండు పేర్లు వినగానే “ఎంసెట్ ర్యాంకు రాలేదా?” అన్న ప్రశ్న వస్తుంది. ర్యాంకు బాగా వచ్చిన పిల్లలు కూడా ఇష్టపడి వెళ్లే చదువులివి.

రెండింటి మధ్య తికమకకు కారణం లేకపోలేదు. రెండు కోర్సుల బ్రోషర్లలోనూ మనిషి, సమాజం, సృజన అనే మాటలే ఉంటాయి. రెండింటిలోనూ జనం దగ్గరికి వెళ్లి మాట్లాడించే పని ఉంటుంది. మాట్లాడి వచ్చాక చేసే పని దగ్గరే తేడా మొదలవుతుంది.

మనిషిని కేంద్రంగా పెట్టుకున్న డిజైన్ అంటే, వాడబోయే మనిషి దగ్గరికి ముందు వెళ్లడం, వాళ్లు రోజూ ఎలా బతుకుతున్నారో చూడడం, ఒక నమూనా చేసి వాళ్ల చేతిలో పెట్టడం, అది ఎక్కడ కుదరలేదో చూసి మళ్లీ చేయడం. 1968లో తయారైన జైపూర్ కాలు దీనికి మంచి ఉదాహరణ. అప్పటిదాకా దొరికిన కృత్రిమ కాళ్లు బూట్లు వేసుకుని కుర్చీలో కూర్చునే వాళ్లకు సరిపోయేవి. మన రైతు చెప్పులు లేకుండా నడుస్తాడు, గొంతుకు కూర్చుంటాడు, మడి బురదలోకి దిగుతాడు. రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడు, పి.కె.సేథీ అనే ఎముకల డాక్టరు కలిసి ఈ అవసరాలు తీర్చే కాలు తయారు చేశారు. అది వాడే మనిషి జీవితం నుంచి పుట్టిన వస్తువు.

హ్యుమానిటీస్ అంటే చరిత్ర, సాహిత్యం, భాషాశాస్త్రం, తత్వశాస్త్రం. మన యూనివర్సిటీల్లో వీటి పక్కనే సోషియాలజీ (సమాజ శాస్త్రం), ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం), రాజనీతి శాస్త్రం వంటి సామాజిక శాస్త్రాలు కూడా ఉంటాయి కాబట్టి ఇక్కడ అన్నీ కలిపే మాట్లాడుతున్నాను. 1990ల మొదట్లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది. రాత్రి బడిలో చదువుకున్న పాఠం ఊరి రాజకీయాన్ని ఎలా కదిలించింది? ఆ ఊళ్లోనే ఎందుకు, అప్పుడే ఎందుకు? ఈ ప్రశ్నలు పట్టుకుని రికార్డులు, పాత పత్రికలు తిరగేసి, అప్పటి మనుషుల జ్ఞాపకాలు సేకరించి, నమ్మదగిన సమాధానం రాయడం హ్యుమానిటీస్ వాళ్ల పని.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది, మీ చెయ్యి ఎటు పోతుందో. దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాను. ఒక ఆదివారం నెల్లూరులోనో ఒంగోలులోనో ఆర్టీసీ బస్టాండులో నోటుబుక్ పట్టుకుని గంటసేపు కూర్చోండి. పొదిలి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఆత్మకూరు బస్సు ఎప్పుడో జనం ఎలా తెలుసుకుంటున్నారో గమనించండి. కళ్లెదుట బోర్డు ఉన్నా ఒక పెద్దావిడ సోడా బండి అబ్బాయిని అడుగుతుంది. మైకులో చెప్పింది సరిగా వినపడక ఇద్దరు ముగ్గురు బస్సు వెనక పరిగెడతారు. చదువు వచ్చినవాళ్లు కూడా బోర్డు చూశాక కండక్టరును ఇంకోసారి అడుగుతారు.

ఇంటికొచ్చాక చూసినదాని మీద రెండు పేజీలు నింపండి. ఏం రాయాలో ముందే ఏమీ అనుకోకండి. బోర్డు ఎంత ఎత్తులో ఉండాలి, అక్షరం ఎంత సైజుండాలి, ఊరి పేరు పక్కన ఏ గుర్తు పెడితే చదువురాని వాళ్లకు తెలుస్తుంది అని బొమ్మలు గీయడం మొదలుపెట్టారంటే మీ చెయ్యి డిజైన్ వైపు పోతోంది. ఆ పెద్దావిడ బోర్డును కాకుండా మనిషినే ఎందుకు నమ్ముతోంది, చదువురాని వాళ్లు ఊరు దాటి ఎలా తిరుగుతున్నారు, మా నాయనమ్మ కాలంలో ఈ ప్రయాణం ఎలా ఉండేది అని వాక్యాలు రాస్తూ పోయారంటే మీది హ్యుమానిటీస్. రెండు పేజీల్లో సగం బొమ్మలు, సగం వాక్యాలు ఉన్నవాళ్ల గురించి కింద విడిగా చెబుతాను. ఈ పరీక్ష కోచింగ్ సెంటర్ల ఆప్టిట్యూడ్ టెస్టుల కంటే బాగా పనికొస్తుందని నా నమ్మకం.

రెండోది ఇంటర్‌లో మీ గ్రూపు, మూడోది డబ్బు. ఫీజు ఒక్కటే లెక్కేస్తే కుదరదు. డిజైన్ చదువుకు ల్యాప్‌టాప్, రంగులు, నమూనాలకు కావాల్సిన సామాను, ప్రయాణాలు అదనం. నాలుగోది భాష. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఇది పెద్ద టెన్షన్, దాన్ని దాచిపెట్టి సలహా చెప్పడం తప్పు. అయిదోది, చేరాక మనసు మారితే వెనక్కి తిరిగే దారి ఉందా అన్నది. ఇది ఎవరూ అడగరు. నన్నడిగితే బస్టాండు పరీక్ష తర్వాత ముఖ్యమైనది ఇదే.

మొదటి దారి: నాలుగేళ్ల బీడిజైన్ (డిజైన్‌లో డిగ్రీ)

మన జిల్లాలకు దగ్గర్లో ఉన్న పెద్ద సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, ఆంధ్రప్రదేశ్. 1961లో అహ్మదాబాద్‌లో మొదలైన ఎన్ఐడీ తరహాలోనే ఇక్కడ 2015లో మొదలైంది. కొన్నాళ్లు నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో నడిచి, ఇప్పుడు అమరావతి శాఖమూరులో సొంత క్యాంపస్‌లో ఉంది. ఇండస్ట్రియల్ డిజైన్, కమ్యూనికేషన్ డిజైన్, టెక్స్‌టైల్ అండ్ అపారెల్ డిజైన్ ఉన్నాయి. ప్రవేశం డీఏటీ (డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్) పరీక్షతో, ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండంచెలు. ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు. వయసు పరిమితి ఉంది కాబట్టి రెండేళ్లు ఖాళీగా ఉండి తర్వాత చూద్దాం అనుకుంటే చేజారే ప్రమాదం ఉంది. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికల్లా విజయవాడలో దిగొచ్చు. ఆడపిల్లను దూరం పంపడానికి జంకే ఇళ్లలో ఇది పెద్ద విషయం.

రెండోది ఐఐటీలు. ఐఐటీ బాంబే నడిపే యూసీడ్ పరీక్షతో ఐఐటీ బాంబే, ఢిల్లీ, గువాహటి, హైదరాబాద్ వంటి చోట్ల బీడిజైన్ సీట్లు వస్తాయి. జేఈఈ అక్కర్లేదు. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది దీనివైపు చూడనే లేదో! సైన్సు గ్రూపే కావాలన్న నియమం యూసీడ్ రాయడానికి లేదు, కానీ సీటిచ్చే సంస్థల్లో కొన్నిటికి సొంత నిబంధనలు ఉంటాయి కాబట్టి ఆ ఏడాది బ్రోషర్ చూసుకోవాలి. పేపరు 300 మార్కులకు. మొదటి భాగం కంప్యూటర్ మీద, రెండో భాగం కాగితం మీద బొమ్మ గీసేది. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. మొత్తం రెండుసార్లే రాయనిస్తారు, అదీ వరుసగా రెండేళ్లలోనే. ఐఐటీ బాంబేలో డిజైన్ విభాగం 1969 నుంచి ఉంది. 2010లో ఎంపికైన రూపాయి గుర్తును గీసిన ఉదయ్ కుమార్ పీహెచ్‌డీ చేసింది అక్కడే.

ఫీజు సంగతి జాగ్రత్తగా వినండి. ఐఐటీ డిగ్రీ కోర్సుల ట్యూషన్ ఫీజు ఏడాదికి రెండు లక్షల దాకా ఉంటుంది. అయితే ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి అయిదు లక్షల లోపు అయితే మూడింట రెండొంతులు మాఫీ. అంటే రెక్కల కష్టం మీద బతికే ఇంటి పిల్లకు ఐఐటీ డిజైన్ సీటు ఊళ్లోని ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ కంటే చవగ్గా రావొచ్చు. బ్రోషర్‌లో మొదట కనిపించే అంకె చూసి భయపడి వదిలేయకండి.

హైదరాబాద్ మాదాపూర్‌లోని నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) 1995 నుంచి ఉంది. పేరులో ఫ్యాషన్ ఉందని కొందరు పక్కన పెడతారు. వెంకటగిరి చీరలు, చీరాల నేత చూస్తూ పెరిగిన పిల్లలకు అక్కడి టెక్స్‌టైల్ డిజైన్ బాగా అందుతుంది. ప్రైవేటులో బెంగళూరు సృష్టి మణిపాల్ ఇన్‌స్టిట్యూట్‌లో హ్యూమన్ సెంటర్డ్ డిజైన్ అన్న పేరుతోనే కోర్సు ఉంది. చదువు మంచిదే, ఫీజు మాత్రం ఏడాదికి లక్షల్లో. పొలం అమ్మి చేర్చాల్సిన పరిస్థితి ఉంటే వద్దనే చెబుతాను. అదే ఉద్యోగాలకు తక్కువ ఖర్చుతో వెళ్లే దారులు ఉన్నప్పుడు అంత భారం ఎందుకు?

డిజైన్ తరగతి ఎలా ఉంటుందో కూడా తెలియాలి. ఉదయగిరి చెక్క చెంచాలనే తీసుకోండి. భౌగోళిక గుర్తింపు వచ్చిన మన జిల్లా వస్తువు అది. కాడ మీద సన్నగా చెక్కిన నగిషీ చూడ్డానికి ముద్దొస్తుంది. డిజైన్ విద్యార్థి చేతిలో పెడితే ప్రశ్నలు వేరేగా వస్తాయి. గంటె లోతు ఎంత? పులుసు అంటుకుంటే నగిషీ సందుల్లోంచి పోతుందా? కడిగాక ఎంతసేపటికి ఆరుతుంది? చెక్కే ఆవిడ కింద కూర్చుని, కొయ్యను ఎలా పట్టుకుని పని చేస్తోంది, సాయంత్రానికి ఆమె నడుము ఎలా ఉంటోంది? కాడ ఆకారం కొద్దిగా మార్చితే ఆమెకు గంటకు ఎన్ని ఎక్కువ వస్తాయి? ఇలాంటి ప్రశ్నలకు వారాల తరబడి బొమ్మలు గీసి, చెక్కి, పాడుచేసి, మళ్లీ చెక్కుతారు. రాత్రిళ్లు నిద్ర ఉండదు. నలుగురి ముందు నీ పనిని విమర్శిస్తారు. దాన్ని తట్టుకోవడమూ చదువులో భాగమే. మార్కులు తెచ్చుకోవడమే అలవాటైన పిల్లలకు మొదటి ఏడాది ఇక్కడే దెబ్బ తగులుతుంది.

రెండో దారి: హ్యుమానిటీస్

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో మొదలైంది. ఇంటర్ తర్వాత, డిగ్రీ, పీజీ కలిసిన అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏలో తెలుగు, హిందీ, భాషాశాస్త్రంతో పాటు చరిత్ర, ఆర్థిక శాస్త్రం, రాజనీతి శాస్త్రం, సోషియాలజీ, ఆంత్రోపాలజీ ఉన్నాయి. ప్రవేశం కేంద్ర యూనివర్సిటీల ఉమ్మడి పరీక్ష సీయూఈటీతో. ఈ పరీక్షను తెలుగులో కూడా రాయొచ్చు. తెలుగు మీడియం పిల్లలకు జాతీయ స్థాయిలో ఇంత సూటిగా తెరిచి ఉన్న తలుపులు తక్కువ. ఫీజు వేలల్లోనే ఉంటుంది. లోపలికి వెళ్లాక పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి, మొదటి రెండు సెమిస్టర్లు కష్టపడాలి. రోజుకు ఇరవై పేజీలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివే ఓపిక ఉంటే నిలదొక్కుకుంటారు. అలా నిలదొక్కుకున్న పిల్లలను చూసే చెబుతున్నాను. సింహపురి ఎక్స్‌ప్రెస్, నారాయణాద్రి రెండూ మన స్టేషన్ల మీదుగానే హైదరాబాద్ వెళ్తాయి.

అదే ఊళ్లో తార్నాక దగ్గర ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉంది. ఇంగ్లీషు సాహిత్యం, విదేశీ భాషల మీద మనసున్న వాళ్లకు అది సరైన చోటు.

బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ప్రైవేటుదే అయినా కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో, హాస్టల్ ఖర్చులో సాయం చేస్తుంది. ఊళ్లకు వెళ్లి పనిచేయాలనుకునే పిల్లలకు నేను ముందు చెప్పే పేరు ఇదే. తడ దగ్గర శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ ఉంది. గూడూరు, నాయుడుపేట వాళ్లకు పక్కనే. లిబరల్ ఆర్ట్స్ (హ్యుమానిటీస్, సైన్సు కలిపి చదివే పద్ధతి) చదువు బాగుంటుంది, ఫీజు మాత్రం ఎక్కువ. ఆర్థిక సాయం ఎంత ఇస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోకుండా చేరకండి.

ఇక సొంత జిల్లాలు. 2008లో మొదలైన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం నెల్లూరు దగ్గర కాకుటూరులో ఉంది. ఒంగోలులో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరున ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వచ్చింది. వీటి పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో 2023లో ఒకే మేజర్ (ముఖ్య) సబ్జెక్టు పద్ధతి వచ్చింది, ఆనర్స్ నాలుగేళ్లు. నెల్లూరు వీఆర్ కాలేజీ, డీకే మహిళా కాలేజీ, కావలి జవహర్ భారతి, ఒంగోలు సీఎస్ఆర్ శర్మ కాలేజీ ఈ ప్రాంతంలో పాత పేర్లు. ఇంట్లోంచి వెళ్లి రావాల్సిన పిల్లలకు వీటిని తక్కువ చేసి చెప్పను. మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో చేసే ప్రాజెక్టును నిజంగా చేస్తేనే ఆ డిగ్రీకి విలువ. కాపీ కొట్టి బైండు చేయించిన ప్రాజెక్టు ఎంఏ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

ప్రాజెక్టుకు మన దగ్గర సరుకు లేదనుకోవద్దు. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లోనే పుస్తకంగా అచ్చు వేశారు. అందులో మీ మండలానికి చెందిన శాసనం ఒక్కటి తీసుకుని, ఆ రాయి ఇప్పుడు ఎక్కడుంది, దాని మీద పేరున్న చెరువు నిండుతోందా, ఆ మాన్యం ఇప్పుడెవరి చేతిలో ఉంది అని తిరిగితే డిగ్రీ ప్రాజెక్టుకు నిండుగా సరిపోతుంది. మార్కాపురం పలకల గనుల్లో పనిచేసిన పాత తరం జ్ఞాపకాలు రికార్డు చేయడం ఇంకొకటి. పలకలు వాడే పిల్లలు తగ్గిపోయారు, ఆ పని చేసిన మనుషులు ముసలివాళ్లయ్యారు. ఇది ఆగి చేసే పని కాదు.

మూడో దారి: రెండూ కలిసినవి

బస్టాండు పరీక్షలో సగం బొమ్మలు, సగం వాక్యాలు వచ్చిన పిల్లలకు ఇది. ఎంపీసీ చదివి, కోడింగ్ అంటే ఇష్టం ఉండి, మనుషుల గురించి కూడా ఆలోచించే వాళ్లకు ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో అయిదేళ్ల డ్యూయల్ డిగ్రీ ఉంది. కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు కంప్యూటింగ్ అండ్ హ్యూమన్ సైన్సెస్‌లో ఎంఎస్ ఇస్తారు. భాషల మీద మక్కువ ఉంటే కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ (కంప్యూటర్‌తో భాషను అధ్యయనం చేసే శాస్త్రం) డ్యూయల్ డిగ్రీ కూడా ఉంది. యూజీఈఈ అనే వాళ్ల సొంత పరీక్ష రాయాలి. ఇంట్లో ఇంజినీరింగే కావాలంటున్నారు, పిల్లకు మనుషుల గురించి చదవాలని ఉంది అన్న గొడవకు ఇంత మంచి రాజీ ఇంకోటి కనపడలేదు. అయితే సీట్లు తక్కువ, లెక్కలు గట్టిగా రావాలి.

రెండో రకం కలయిక మెట్ల పద్ధతి. ముందు హ్యుమానిటీస్ డిగ్రీ, తర్వాత ఎండిజైన్ (డిజైన్‌లో పీజీ). ఐఐటీల ఎండిజైన్‌కు సీడ్ పరీక్ష రాయాలి. మూడేళ్ల డిగ్రీ ఏదైనా ఉంటే రాయొచ్చు. ఇక్కడొక మెలిక ఉంది. పరీక్ష రాయడానికి ఒక అర్హత, సీటు ఇవ్వడానికి ఇంకో అర్హత. కొన్ని సంస్థలు నాలుగేళ్ల డిగ్రీనో పీజీనో అడుగుతాయి. మూడేళ్ల బీఏతో ఆపేసి సీడ్ ర్యాంకు తెచ్చుకుని, కౌన్సెలింగ్‌లో ఆగిపోవడం కంటే, నాలుగేళ్ల ఆనర్సో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏనో పూర్తి చేసి వెళ్లడం మేలు.

మనసు మారితే దారి ఉందా అన్న ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. హ్యుమానిటీస్ నుంచి డిజైన్‌కు పీజీలో వెళ్లొచ్చు. బీడిజైన్ చేసినవాళ్లు కొన్ని ఎంఏలకు వెళ్లొచ్చు, సివిల్స్, గ్రూప్స్ కూడా రాయొచ్చు. కానీ లక్షలు ఖర్చుపెట్టి ప్రైవేటులో బీడిజైన్ చేసి, అప్పు నెత్తిన పెట్టుకుని చరిత్రలో ఎంఏ చేస్తానంటే ఇల్లు ఒప్పుకోదు. అందుకే ఎటూ తేలని పిల్లలకు, చేతిలో డబ్బు తక్కువున్న ఇళ్లకు నా సలహా ఒక్కటే: ముందు ప్రభుత్వ యూనివర్సిటీలో హ్యుమానిటీస్ చదవండి, చదివినన్నాళ్లూ బొమ్మలు గీయడం మానకండి, డిజైన్‌ను పీజీకి ఉంచండి. మనుషుల మాట వినడం, విన్నదాన్ని వక్రీకరించకుండా రాయడం వచ్చినవాళ్లకు డిజైన్ పనిలో మొదటి సగం చేతికొచ్చినట్లే.

| చూసుకోవాల్సింది | బీడిజైన్ | హ్యుమానిటీస్ | రెండూ కలిసినవి |
|---|---|---|---|
| రోజువారీ పని | గీయడం, చేయడం, జనానికి చూపి సరిదిద్దడం | చదవడం, ఊళ్లు తిరగడం, రాయడం | కోర్సును బట్టి రెండూ |
| ఇంటర్ గ్రూపు | ఎక్కువ చోట్ల ఏదైనా | ఏదైనా | ట్రిపుల్ ఐటీకి ఎంపీసీ, మెట్ల పద్ధతికి ఏదైనా |
| ప్రవేశ పరీక్ష | డీఏటీ, యూసీడ్, నిఫ్ట్ | ఎక్కువగా సీయూఈటీ | యూజీఈఈ, తర్వాత అయితే సీడ్ |
| కాలం | నాలుగేళ్లు | మూడు నుంచి అయిదేళ్లు | అయిదేళ్లు, మెట్ల పద్ధతిలో ఆరేడేళ్లు |
| ఖర్చు | లక్షల్లో, ఐఐటీల్లో మాఫీలున్నాయి | ప్రభుత్వ సంస్థల్లో వేలల్లో | ట్రిపుల్ ఐటీలో ఎక్కువ, మెట్ల పద్ధతిలో మొదట తక్కువ |
| తెలుగు మీడియం వాళ్లకు | పరీక్ష దగ్గరే కష్టం | పరీక్ష తెలుగులో, చదువులో మొదటి ఏడాది కష్టం | ఇంగ్లీషు తప్పదు |
| మనసు మారితే | ఖర్చును బట్టి | సులువు | సులువు |

ఉద్యోగాల మాట

డిజైన్ చదివిన వాళ్లకు హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో యాప్‌లు, వెబ్‌సైట్లు జనానికి అర్థమయ్యేలా తీర్చిదిద్దే యూఎక్స్ ఉద్యోగాలు, వస్తువుల కంపెనీల్లో ప్రోడక్ట్ డిజైన్ పనులు ఉంటాయి. సర్టిఫికెట్ కంటే పోర్ట్‌ఫోలియోనే ముందు చూస్తారు. అంటే మీరు చేసిన పనుల బొత్తి. కాలేజీ పేరు గొప్పదై బొత్తి పలచనగా ఉంటే పని జరగదు.

హ్యుమానిటీస్ వాళ్లకు మొదటి జీతం ఆలస్యంగా వస్తుంది. ఇది నిజం, ఇంట్లో ముందే చెప్పి ఒప్పించుకోవాలి. బీఏ తర్వాత బీఈడీ చేసి డీఎస్సీ రాసే దారి మన జిల్లాల్లో అందరికీ తెలిసిందే. నెట్ రాసి లెక్చరర్ కావడం, గ్రూప్స్, జర్నలిజం, అనువాదం, స్వచ్ఛంద సంస్థల్లో పరిశోధన ఉన్నాయి. డిజైన్ కంపెనీల్లోనే జనాన్ని అధ్యయనం చేసే యూజర్ రీసెర్చ్ పనికి ఆంత్రోపాలజీ, సోషియాలజీ చదివిన వాళ్లను తీసుకుంటారు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల సమస్యనే చూడండి. యంత్రం పెట్టడానికి ఇంజినీరు చాలు. పెట్టిన ప్లాంటు దాకా క్యాను మోసుకుని నడిచేది ఎవరు, రోజుకు ఎన్నిసార్లు, ఆ నీటి రుచి నచ్చక మళ్లీ బోరు నీళ్లే తాగేది ఎవరు అని తెలుసుకోవడానికి ఇంటింటికీ తిరిగే మనిషి కావాలి. ఆ తిరిగిన మనిషి చెప్పిందాన్ని బట్టి క్యానూ, కుళాయీ, ధరా మార్చే మనిషి కూడా కావాలి. మొదటి పని హ్యుమానిటీస్‌ది, రెండోది డిజైన్‌ది.

ఎవరికి ఏది

ఎంపీసీ చదువుతూ పుస్తకం వెనక పేజీలన్నీ బొమ్మలతో నింపే పిల్లాడైతే యూసీడ్, డీఏటీ రెండూ రాయాలి. కాలేజీ వీక్లీ టెస్టుల మధ్య సమయం దొరకదు. అందుకని మొదటి ఏడాది నుంచే రోజుకు అరగంట చూసింది చూసినట్టు గీయడం అలవాటు చేసుకోవాలి. సినిమా హీరో ముఖాన్ని ఫొటో చూసి దించడం ఇక్కడ పనికిరాదు. అమ్మ దోసె తిప్పుతున్నప్పుడు చెయ్యి ఎలా వంగుతోంది, సైకిల్ మీద పాల క్యాన్లు ఎలా కట్టారు, అలాంటివి గీయాలి.

ఉదయగిరిలోనో గిద్దలూరులోనో ప్రభుత్వ కాలేజీలో హెచ్‌ఈసీ చదివే తెలుగు మీడియం అమ్మాయికి నా మొదటి మాట సీయూఈటీ, సెంట్రల్ యూనివర్సిటీ. అది రాకపోతే దగ్గర్లోని డిగ్రీలో నాలుగేళ్ల ఆనర్స్, ఆ తర్వాత ఎంఏకు మళ్లీ ప్రయత్నం. డిజైన్ మీద కోరిక ఉన్నా ఆమెను ముందు ఇంగ్లీషు పేపరు వైపు నెట్టను.

చేనేత ఇంటి పిల్లలు, చెక్క పనివాళ్ల పిల్లలు తమ ఇంటి పనిని నామోషీగా చూడడం నాకు బాధ కలిగిస్తుంది. మగ్గం ఎలా పనిచేస్తుందో పుట్టినప్పటి నుంచీ చూసిన పిల్లకు టెక్స్‌టైల్ డిజైన్ ఇంటర్వ్యూలో చెప్పడానికి ఎంత ఉంటుందో ఆమెకే తెలియదు. వీళ్లు బీడిజైన్‌కే గట్టిగా ప్రయత్నించాలి, ఫీజు మాఫీలన్నీ ముందే కనుక్కుని. బీటెక్ మూడో ఏడాదిలో ఉండి ఇప్పుడు ఇది చదువుతున్న వాళ్లయితే డిగ్రీ పూర్తి చేసి సీడ్ రాయండి. మధ్యలో మానేయకండి.

ఎప్పుడు ఏం చేయాలి

డిజైన్ పరీక్షలు ఇంటర్ పబ్లిక్ పరీక్షల కంటే ముందే వచ్చేస్తాయి. యూసీడ్ జనవరిలో జరుగుతుంది, దరఖాస్తు దసరా, దీపావళి రోజుల్లోనే. ఎంసెట్ మాదిరి పబ్లిక్ అయ్యాక చూద్దామనుకుంటే ఏడాది పోయినట్టే. సీయూఈటీ మాత్రం వేసవిలో, పబ్లిక్ పరీక్షల తర్వాత.

సర్టిఫికెట్ల దగ్గర చాలామంది పిల్లలు నష్టపోతున్నారు. కేంద్ర సంస్థల్లో ఓబీసీ రిజర్వేషన్‌కు మన రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్ (సంపన్న వర్గంలోకి రామని తెలిపే) సర్టిఫికెట్ కావాలి. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి, రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అక్కడ ఉండవు. ఈడబ్ల్యూఎస్ (ఏ రిజర్వేషన్ లేని పేద కుటుంబాల) వాళ్లకూ అంతే, బ్రోషర్‌లో చెప్పిన ఆర్థిక సంవత్సరానికి సంబంధించిన సర్టిఫికెట్టే తీసుకోవాలి. తహసీల్దార్ ఆఫీసులో ఆఖరి వారంలో రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. సచివాలయంలో దరఖాస్తు పెట్టేటప్పుడే బ్రోషర్‌లోని నమూనా కాగితం ప్రింటు తీసి వెంట తీసుకెళ్లండి, ఫలానా ఫార్మాట్‌లో కావాలని చూపించి అడగండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా ఆధార్‌లోనూ అలాగే ఉన్నాయో లేదో ఇప్పుడే సరిచూసుకోండి. తప్పుంటే ఆధార్ సెంటర్‌లో దిద్దించుకోవడానికి రోజులు పడుతుంది.